పసుపు గదిలో నా చోటు

ప్లాటినం శుద్ధి కర్మాగారంలో కొలిమి మేస్త్రీగా పనిచేసి కాలం చేసిన మా నాన్న పెద్ద కూతురిని, అదే కర్మాగారంలో పసుపు గది పరీక్షకురాలిని అయిన నేను, ఆసుపత్రి వార్డులో కిటికీ పక్క మంచం మీద కూర్చుని, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా చేత ఎవరూ రాయించడం లేదు. నిజానికి ఇంట్లో వాళ్ళు వద్దనే అంటున్నారు. అపశకునం మాటలు రాయకు అని అమ్మ పొద్దున కలం దాచేసింది. నర్సమ్మ దగ్గర ఇంకొకటి అడిగి తీసుకున్నాను.

నా బుద్ధి స్థిరంగా ఉందని రుజువు చూపాలి కాబట్టి రాస్తున్నాను. ప్లాటినం పరమాణు సంఖ్య డెబ్బై ఎనిమిది. అదే కొలత నీటికంటే ఇరవై ఒక్క రెట్లు బరువు. గాలికి నల్లబడదు, నీటికి తుప్పు పట్టదు, ఏ ఆసిడ్‌కూ ఒంటరిగా లొంగదు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ మూడు పాళ్ళు, నైట్రిక్ ఆసిడ్ ఒక పాలు కలిపి వేడి చేస్తే మాత్రం కరుగుతుంది. ఇవన్నీ పుస్తకం చూడకుండా రాశాను. బుద్ధి బాగానే ఉంది. భయం ఉంది. భయపడేవాళ్ళు వీలునామా రాయకూడదని ఏ చట్టంలోనూ లేదని కనుక్కున్నాను.

రేపు ఉదయం నా నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. నా అండాశయంలో పెరిగిన గడ్డను కోసి తీశారు కానీ దాని తునకలు కడుపులో మిగిలిపోయాయి. ఆ మందు వాటిని చంపుతుంది. నా వయసులో ఈ రకం గడ్డ వచ్చిన ఆడవాళ్ళు చాలామంది ఆ మందుతోనే లేచి తిరుగుతున్నారని డాక్టరమ్మ చెప్పింది. అయితే ఆ మందు ప్లాటినంతో చేసింది. పసుపురంగు ప్లాటినం లవణం తయారయ్యే పసుపు గదిలో నేను పీల్చిన గాలి వల్ల నా ఒళ్ళు ప్లాటినం లవణాలను శత్రువులా గుర్తుపెట్టుకుంది. మందు చుక్క ఒకటి చర్మం మీద వేసి సూదితో గుచ్చితే, చూస్తుండగానే రూపాయి బిళ్ళంత దద్దురు లేచింది. డాక్టరమ్మ ముఖం అప్పుడు చూశాను. మందును నీళ్ళలో బాగా పలచన చేసి, కొంచెం కొంచెంగా పెంచుతూ, పక్కన ఊపిరి గొట్టం సిద్ధంగా పెట్టుకుని ఎక్కిస్తారట. ఒళ్ళు ఒప్పుకుంటే బతుకుతాను. ఒప్పుకోకపోతే గొంతు మూసుకుపోతుంది. ఎక్కించుకోకపోతే గడ్డ తన పని తాను చేసుకుపోతుంది. నాకున్న దారులు ఇవే.

ఈ కాగితం రాయడంలో నా ఉద్దేశం ఒక్కటే. నేను పోతే ఖాళీ అయ్యే నా చోటులోకి నా చెల్లి వెళ్ళకూడదు. మా కర్మాగారంలో ఒక పద్ధతి ఉంది. సర్వీసులో ఉండగా మనిషి పోతే, ఆ ఇంట్లో ఒకరిని పిలిచి ఉద్యోగం ఇస్తారు. అందరూ దాన్ని దయ అంటారు. నాన్న పోయినప్పుడు నాకు అలాగే వచ్చింది. కెమిస్ట్రీ డిగ్రీ ఉందని నన్ను కొలిమి దగ్గర కాకుండా పసుపు గదిలో వేశారు. వీధి వీధంతా మా అమ్మను అభినందించింది.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యతను మా కర్మాగారంలో తూకాల గది చూసే అక్కకు అప్పగిస్తున్నాను. అందరూ ఆమెను త్రాసు అక్క అంటారు. గాజు పెట్టెలోని త్రాసు ముందు ఆమె కూర్చుంటే గాలి కూడా అనుమతి అడిగి లోపలికి రావాలి. ఆమె నాకు చుట్టం కాదు, అందుకే ఎంచుకున్నాను. చుట్టాలైతే ముందు ఏడవాలి, తర్వాత పోట్లాడుకోవాలి, అవన్నీ అయ్యాక గానీ పని మొదలుకాదు. అడగగానే ఆమె, 'ఎవరెవర్ని తిట్టబోతున్నావో ముందే చెప్పు. రేపు వాళ్ళ గుమ్మాలెక్కాల్సింది నేను' అంది. తిట్లు ఉన్నాయి. వాటిని కూడా ఆస్తి లాగే ఎవరిది వారికి అందజేయవలసిందిగా కోరుతున్నాను.

2. నేను చనిపోయిన పక్షంలో, మరణ కారణం రాసే డాక్టరుకు మనవి. కారణాల వరుసలో 'ప్లాటినం లవణాలు' అనే మాట తప్పనిసరిగా ఉండాలి. ఏ భాషలో రాసినా సరే, చివరి వరుసలో రాసినా సరే, ఉండాలి.

మా నాన్న మరణ కాగితంలో 'ఆయాసం' అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. మెట్లెక్కితే వచ్చేది ఆయాసం. మా నాన్న కొలిమి నుంచి వచ్చి, వెల్లకిలా పడుకోలేక, వంటగది గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. గోడ మీద ఆయన తల ఆనిన చోట నూనె మరక ఇప్పటికీ ఉంది. ఆదివారం మాత్రం హాయిగా ఊపిరి తీసేవాడు. 'సెలవు సంగతి మా అన్న ఊపిరితిత్తులకు కూడా తెలుసు' అని బాబాయి నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. పసుపు గదిలో తయారైన పొడిని కొలిమిలో కాల్చి, నురుగులా బొరియలు పడిన బూడిదరంగు లోహంగా మార్చడం నాన్న పని. కాల్చే ముందు ఆ పొడిని పళ్ళేల్లో సర్దేది ఆయనే. నాకు కూడా ఆదివారాలు బాగుండటం మొదలైనప్పుడు గానీ నాన్న జబ్బు ఏమిటో నాకు అర్థం కాలేదు.

3. గాజు కడ్డీ చివర అతికించి ఉన్న వేలెడు ప్లాటినం తీగ నా పుస్తకాల అరలో పాత పెన్నుల డబ్బాలో ఉంది. ఇది కర్మాగారం సొత్తు కాదు. మా హైస్కూలు కెమిస్ట్రీ మేడమ్ రిటైరైన రోజు నాకు ఇచ్చిన తన సొంత తీగ. దీన్ని అదే స్కూలు ప్రయోగశాలకు ఇస్తున్నాను.

మా ఇంట్లో బడి గడప దాటిన మొదటిదాన్ని నేను. ప్రయోగశాలలో మంట ఉంటుందని చెప్తే అమ్మ, 'డబ్బు కట్టి పంపితే అక్కడ కూడా పొయ్యి దగ్గరే నిలబెడుతున్నారా?' అని మేడమ్ మీదికి యుద్ధానికి వెళ్ళింది. మేడమ్ నవ్వలేదు. అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, ఈ తీగను ఉప్పునీటిలో ముంచి నీలం మంటలో పెట్టింది. మంట పసుపుగా మారింది. ఇంకో సీసాలో ముంచి పెడితే ఎర్రగా మారింది. ఇంకోదానితో ఆకుపచ్చగా. తీగ మాత్రం ఎప్పటిలాగే తెల్లగా బయటికి వచ్చింది. అమ్మ ఇంటికి వచ్చి నాన్నతో, 'దీన్ని ఆపొద్దు, ఇది చదవాల్సిందే' అంది.

షరతు: తీగను బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. పిల్లల చేతికి ఇవ్వాలి. ముట్టుకుంటే ఏమీ కాదు. నాకు ఈ లోహం మీద కోపం లేదు, ఆ సంగతి ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. గుండె లయ తప్పినవాళ్ళ గుండెలోకి కరెంటు మోసుకెళ్ళే తీగ కొస దీనిదే. కార్ల పొగగొట్టంలో కూర్చుని విషవాయువును మంచి గాలిగా మార్చేది ఇదే, అలా మారుస్తూ తాను ఖర్చు కాదు. పొలాల ఎరువుకు కావలసిన ఆసిడ్ దీని జల్లెడ మీదుగానే పుడుతుంది. నాన్న కొలిమి ఎంత వేడెక్కిందో చెప్పింది కూడా దీని తీగే. గట్టి లోహంగా ఉన్నంతవరకూ ఎవరికీ చెడు చేయదు. దాన్ని కరిగించి, క్లోరిన్‌తో ముడిపెట్టి, ఎండబెట్టి, పొడి చేసి, కిటికీలు లేని గదిలో ఆడపిల్లల ముక్కు ముందు పెట్టింది మనుషులు.

4. నా మెడలో దారానికి కట్టుకున్న ప్లాటినం ఉంగరం, దాన్ని చేసిన ఉంగరాల పనివాడికి తిరిగి చెందాలి. అతను నాకు ఏమవుతాడో వివరించనక్కర లేదు, తెలిసినవాళ్ళకు తెలుసు. బంగారం చెప్పిన మాట వింటుందనీ, ప్లాటినానికి వేరే మంట, వేరే ఓపిక కావాలనీ అనేవాడు. మొదటిసారి పోత పోసినప్పుడు పగిలింది. 'నీలాగే మొండిది' అన్నాడు. రెండోసారి కుదిరింది. దాన్ని కరిగించవద్దు. అతను వేరే అమ్మాయి వేలికి తొడిగితే నాకు అభ్యంతరం లేదు అని రాయాలనుకున్నాను. అభ్యంతరం ఉంది. అయినా తొడగవచ్చు.

5. మా అమ్మకు: ఇంట్లో ఉన్న మంచాలు, బీరువా, గిన్నెలు, నా చీరలు, గోడకున్న మూలకాల పట్టిక. ఆ పట్టిక వెనక గోడ చెమ్మ పట్టి పెచ్చులూడుతోంది, కాబట్టి దాన్ని తీయకుండా ఉంటే మంచిది. రెండు గదుల ఇంటిలో ఆమె బతికినంత కాలం ఉండే హక్కు ఆమెది. ఆ హక్కును ఏ పరిస్థితిలోనూ, ఏ అంశం కిందా, ఎవరూ తీసివేయలేరు.

అమ్మ గురించి ఇంకొకటి రాయాలి. ఆమె తనను తాను నిందించుకుంటోంది, అది ఆగాలి.

కర్మాగారంలో ఏటా మా చేతి మీద పసుపు లవణం చుక్క వేసి సూదితో గుచ్చుతారు. దద్దురు లేస్తే ఆ మనిషిని పసుపు గది నుంచి తీసేసి, గేటు దగ్గరో తోటలోనో సగం జీతం పనిలో వేస్తారు. అలెర్జీ బిళ్ళ ముందుగా వేసుకుంటే దద్దురు లేవదు. ఈ రహస్యం మా వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. గుచ్చే వారం వచ్చిందంటే కర్మాగారం ఎదుటి మందుల షాపు దగ్గర తల్లులు, పెళ్ళాలు వరుస కడతారు. మా అమ్మ కూడా వరుసలో నిలబడింది. నాకు చెప్తే వేసుకోనని తెలిసి, బిళ్ళను పొడి చేసి నా టీలో కలిపింది. ప్రతి ఏడూ కలిపింది. నేను స్కూల్లో ఏ తరగతీ తప్పలేదు కాబట్టి ఇక్కడ కూడా తప్పకూడదని ఆమె పట్టుదల. దద్దురు అంటే ఆమె దృష్టిలో నా పేరు ఫెయిలైనవాళ్ళ వరుసలో పడటం. ఆసుపత్రిలో నా చేతి మీద దద్దురు లేచినప్పుడు, 'ఇవాళ టీలో వెయ్యలేదుగా, అందుకే' అని తన నోటితో తనే చెప్పేసింది. చెప్పాక నోరు మూసుకుని నా వైపు చూసింది.

అమ్మా, ఈ ముక్క త్రాసు అక్క నీకు రెండుసార్లు చదివి వినిపిస్తుంది. నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళు జీతం తీసుకుని ఊరుకున్నారు. నువ్వు చూసినంత మేరకు నా మేలే చూశావు. నీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ఇందుమూలంగా రాసి ఇస్తున్నాను. ఇక టీ తాగడం మానేసి కూర్చోకు.

6. నాన్న తన పేరున ఉన్న ఇంటిని, కాగితాలు చదవగలిగేది నేనొక్కదాన్నే అని నా పేరున రాశాడు. ఆ ఇంటిని అమ్మ తదనంతరం సర్వహక్కులతో మా చెల్లికి ఇస్తున్నాను. మా చెల్లిని అందరూ టపాకాయ అంటారు. ఇప్పుడు ఒక బట్టలు కుట్టే షాపులో పనిచేస్తోంది. మామూలు దుమ్ముకే తుమ్ములు ఆపుకోలేని పిల్ల. చిన్నప్పుడు పుస్తకాలు దులిపితే రోజంతా ముక్కు ఎర్రగా పెట్టుకుని తిరిగేది. అటువంటి ఊపిరితిత్తులను పసుపు గది ఎన్ని నెలల్లో తినేస్తుందో నేను చెప్పగలను, చెప్పను.

షరతు: నా చెల్లి ఆ కర్మాగారంలో పసుపు గదిలో గానీ, కొలిమి దగ్గర గానీ, ఏ పేరుతో అయినా ఉద్యోగంలో చేరిన పక్షంలో, ఇంటి మీద ఆమె హక్కు ఆ రోజే రద్దయి, ఆ హక్కు మా బాబాయికి చెందుతుంది. అంతేగాక, అమ్మ బతికి ఉండగానే మా బాబాయి ముందు గదిలో కాపురం పెట్టవచ్చు.

బాబాయి ఎవరో తెలియనివారి కోసం: నాన్నను ఆసుపత్రిలో చేర్చి మేమంతా అక్కడే ఉన్నప్పుడు, ఇల్లు చూసుకుంటానని తాళం తీసుకుని, మా ఇనప గేటు ఊడదీసి పాత సామాను వాడికి అమ్మేసిన మనిషి. అడిగితే, 'తుప్పు పట్టింది కదమ్మా, ఎవరి మీదైనా పడితే?' అన్నాడు. మా ఇంటికి ఇప్పటికీ గేటు లేదు. ఆయన భోజనం చేసేటప్పుడు పెట్టే చప్పుడు, తెల్లవారుజామున గొంతు సవరించుకునే తీరు చెల్లికి బాగా తెలుసు. ఆయనకు నా ఆస్తి దక్కాలని నాకు ఎంతమాత్రం లేదు. నా చేతిలో ఇంతకంటే పెద్ద కర్ర లేదు.

7. నా పీఎఫ్, ఇన్సూరెన్సు మీద వచ్చే మొత్తం చెల్లిదే. దానితో ముందు గదిలో సొంతంగా కుట్టు షాపు పెట్టుకోవాలి. ఇప్పుడు పనిచేసే షాపులో ఓనరమ్మ పేరుకే, కత్తిరించేది, కొలతలు తీసేది, కస్టమర్లతో గొడవపడేది అంతా చెల్లే. పెద్ద మిషను కొనేటప్పుడు త్రాసు అక్కను వెంట తీసుకెళ్ళాలి. బేరం ఆడటం చెల్లికి రాదు. ధర వినగానే అవతలివాళ్ళ వంశం ఎత్తుతుంది.

8. మందుల షాపు ఆయనకు: అమ్మ దిండు కింద దొరికిన బిళ్ళల పట్టీ, సగం వాడినది. ఆయన సరుకు ఆయనకే. 'అందరూ కొంటున్నారు, నేను ఇవ్వనంటే పక్క షాపులో కొంటారు' అని ఆయన అమ్మతో అన్నాడట. నిజమే, కొనేవాళ్ళు. అయినా పట్టీ తీసుకోవలసిందే.

9. మేనేజరు గారికి: నా మాస్కు. లాకర్లో ఉంది. దాని వడపోత మార్చమని అడిగినప్పుడల్లా, 'ఇంకో నెల లాగించెయ్యమ్మా' అన్నారు. ఆ నెలలన్నీ ఆ మాస్కులో ఉన్నాయి. 'గుండెలో పెట్టుకునే లోహం తల్లీ ఇది, దీనివల్ల జబ్బేంటి?' అని నవ్వుతూ అడిగింది కూడా ఆయనే. లోహానికీ లవణానికీ తేడా ఆయనకు తెలుసు. డిగ్రీలో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయని ఆయనే చెప్పుకున్నారు.

10. నేను ఇవాళ రాజీనామా చేస్తే, రేపు పోయినా సర్వీసులో పోయినట్టు కాదు కాబట్టి, నా చోటు ఎవరికీ రాదు. మరి ఎందుకు చేయవని ఎవరో ఒకరు అడుగుతారు. నేనే నన్ను చాలాసార్లు అడిగాను. రాజీనామా చేసిన క్షణం నుంచి కర్మాగారం నా వైద్యం ఖర్చు భరించదు. ఈ మంచం పోతుంది, ఊపిరి గొట్టం పట్టుకుని పక్కన నిలబడే డాక్టరమ్మ పోతుంది. పెద్దాసుపత్రిలో ఆ మందు ఉచితంగానే ఉంది గానీ, ఒక్క మనిషి పక్కన రోజంతా కూర్చుని చుక్కచుక్కగా ఎక్కించే తీరిక అక్కడ ఎవరికీ లేదు. అందరికీ ఎక్కించినట్టు ఎక్కిస్తే నేను బతకను.

కాగితం రాశాను. చింపాను. మళ్ళీ రాశాను. అది కూడా చింపాను. చెల్లి కోసం ప్రాణం ఇచ్చేంత మంచిదాన్ని కాదని తెలిసింది. నాకు బతకాలని ఉంది. చాలా ఉంది. ఉంగరం మెడలోంచి తీసి వేలికి పెట్టుకోవాలని ఉంది. కడుపు మీది ఈ కుట్లతో, ఈ దగ్గుతో, జుట్టంతా రాలిపోయినా సరే, ఏ మూలైనా సరే, ఉండాలని ఉంది. పక్క మంచంలో బస్సు కండక్టరమ్మ ఉంది. ఆమెకు కూడా ఇదే మందు, ఆమె ఒళ్ళు గొడవ చేయకుండా తీసుకుంటోంది. ఇవాళ వాంతులు చేసుకుని, మూతి తుడుచుకుని, 'నాకు లోపల నెక్లెసు చేయిస్తున్నారమ్మాయ్, దొంగల భయం లేదు' అంది. ఆమె సీసాలోంచి చుక్కలు పడుతుంటే చూస్తూ అసూయతో నా కళ్ళు మండాయి. ఒకప్పుడు సూక్ష్మజీవులున్న నీళ్ళలోకి కరెంటు పంపి చూస్తుంటే అవి పెరగడం మానేశాయట. కరెంటు మహిమ అనుకున్నారు. తీరా చూస్తే, లోపల పెట్టిన ప్లాటినం పలకల నుంచి చిటికెడు కరిగి నీళ్ళలో కలిసింది, ఆపింది అదేనట. ఈ మందు పుట్టింది అక్కడే, ఆ చిటికెడుతో ఎంతమంది బతికారో. అందులో నాకు చోటు లేకపోవడానికి నేనేం చేశాను? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత ఎవరికీ రాయడం లేదు. రాయడానికి మనిషి కనపడటం లేదు.

11. పై అంశాలు రాయడం పూర్తయ్యాక చెల్లి వచ్చింది. అంతా చదివి వినిపించాను. త్రాసు అక్క, కండక్టరమ్మ ఎదురుగానే ఉన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉంగరం దగ్గర ముక్కు చీదింది. అమ్మ దగ్గర తల తిప్పుకుంది. బాబాయి ముందు గదిలో కాపురం అనగానే మాత్రం, 'నువ్వు చచ్చేది చాలక నన్ను కూడా చంపుతావా? ఆయన దగ్గు వినేకంటే ఆ పసుపు పొడి పీల్చడమే నయం' అంది. కండక్టరమ్మ నవ్వలేక కడుపు పట్టుకుంది. నేను చెయ్యి చాచి మాట ఇమ్మన్నాను. ఇల్లు, షరతు అన్నీ పక్కన పెట్టి, ఆ గదిలో అడుగు పెట్టనని ఒక్క మాట ఇమ్మన్నాను. చెల్లి తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

'ఇవ్వను' అంది. 'ఇస్తే నువ్వు నిమ్మళంగా కళ్ళు మూస్తావు. నిన్ను నిమ్మళంగా ఉండనివ్వను. రేపు ఆ మందు ఎక్కుతున్నంతసేపూ నేను ఆ పసుపు గది తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాననుకో. నువ్వు లేచి వచ్చి నా జుట్టు పట్టుకుని ఇవతలికి లాగు.'

బతిమాలాను. తిట్టాను. ఎప్పుడూ అనని మాటలు అన్నాను. మాట మాటకూ ఊపిరి అందక దగ్గు తెర వచ్చింది. చెల్లి నా వీపు రాసింది, దిండు సర్దింది, నోటికి నీళ్ళు అందించింది, మాట మాత్రం ఇవ్వలేదు. త్రాసు అక్క, 'పోనీ అబద్ధమైనా చెప్పవే, అక్క కదా' అంది. చెల్లి, 'చోటు ఖాళీ అయితే కదా నేను వెళ్ళేది. ఖాళీ చెయ్యొద్దని చెప్పండి మీ చెల్లికి' అని నన్ను చూపించి, గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నట్టు ఒప్పుకోలేదు.

కాబట్టి ఈ వీలునామా ముఖ్య ఉద్దేశం నెరవేరలేదని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను. నా ఆస్తులు పంచాను. నా తిట్లు పంచాను. ఆరో అంశంలోని షరతును కొట్టివేయడం లేదు, అయితే దానికి మా చెల్లి భయపడదని ఇప్పుడు తెలుసు. ఆమెను ఆ తలుపు దగ్గరి నుంచి ఇవతలికి లాగే పని అమ్మ వల్ల కాదు, త్రాసు అక్క వల్ల కాదు, ఈ కాగితం వల్ల కాదు. ఆ పనిని ఎవరికీ రాసి ఇవ్వకుండా నా పేరునే ఉంచుకుంటున్నాను.

తేదీ: పదహారు, గురువారం, సాయంత్రం.

(సంతకం)
కొలిమి మేస్త్రీ పెద్ద కూతురు, పసుపు గది పరీక్షకురాలు, ప్రస్తుతం సర్వీసులో ఉన్నది

సాక్షులు:
1. (సంతకం) త్రాసు అక్క, తూకాల గది
2. (సంతకం) పక్క మంచం కండక్టరమ్మ. కుడి చేతికి సూది ఉన్నందున వంకరగా వచ్చింది. సంతకం నాదే.